మోచెయ్యి కాడ నీళ్లు

అల్ హమ్రా దాటినంక
తారు రోడ్డు ఆగిపోయిన కాడ
రేకు బోర్డు మీద కొండ పటం.
ఎండకు నీలం తెల్లబడ్డది, ఎరుపు వెలిసిపోయింది.
"మీరు ఇక్కడ ఉన్నారు" అని చూపే చుక్క
వచ్చినోళ్లందరు వేలు పెట్టి పెట్టి
అరిగి అరిగి రేకు తేలింది.
అందరు ఉన్న చోటు
ఒక్కటే పటంల లేదు.

ఫోటో తీసిన.
పొద్దు నా ఎన్క ఉన్నది. అది యాదిల పెట్టుకోలే.

శుక్రవారం. సిగ్నల్ లేదు.
యాప్ తెరిస్తే కొండ లేదు, లోయ లేదు,
గళ్లు గళ్లుగ ఖాళీ.
నడుమ నీలం చుక్క
బస్సు దిగి ఎటు పోవాల్నో తెల్వని కొత్త పిలగాని లెక్క.

"గా ఫోటోనే దాని కింద పరువు" అన్నడు భూమన్న.
పదకొండేండ్ల సంది సర్వే కంపెనీల
అద్దం కట్టె పట్టుకొని నిలబడే మనిషి.
"మూడు మేకులు చాలు.
పటం మీద వేలు, నేల మీద కాలు,
రెండూ ఒక్కటే అని ఫోనుకు చెప్పాలె.
అది నమ్ముతది. దానికి మాత్రం ఎవరున్నరు?"

మొదటి మేకు మసీదు మినారు నీడల.
రెండోది నీళ్ల ట్యాంకు కాడ,
దాని మీద ఎవరో సుద్దతోని రాసిన ఫోన్ నంబరు, సగం.
మూడోది దొరకలే.
పటంల ఖర్జూర చెట్టున్నది,
ఆడికి పోతే మొద్దు గూడ లేదు.
"రెంటి మీదనే నడుస్తం పా."

బోర్డుకు ఎదురుంగ నిలబడలే నేను,
జర పక్కకు ఒరిగి తీసిన.
గా ఒక్క ఒరుగుడు
పైకి ఎక్కినకొద్దీ పెరిగింది.
మేము బాట మీదనే ఉన్నం.
నీలం చుక్క లోయ మీద, గాలిల.
భూమన్న ఫోను చూసి, లోయ చూసి నవ్విండు:
"దీని లెక్కన మనం పడి పావుగంటాయె.
మిగిలిన బిస్కట్లు ఎవ్వనికి దాస్తున్నవ్?"

ఇంక పైకి పోతే
పటంల బాట నల్లబడ్డది.
రాతి మచ్చ అనుకున్నం, ఫోను వేడికి పాడయిందనుకున్నం.
రెండు వేళ్లతోని చిన్నగ చేస్తే తెలిసింది.
తల. భుజం. ఫోను ఎత్తిన మోచెయ్యి.
పొద్దుగాల బోర్డు మీద పడ్డ నా నీడ
కొండకు అడ్డం పండింది.
కాళ్ల కింద నీడ ఇప్పుడు జానెడు లేదు,
ఫోన్ల నీడ రెండు కిలోమీటర్లు.
అండ్ల ఏమున్నదో పటం చెప్పదు.
మనమే పోయి చూసుకోవాలె.

బండ మలుపుల మేకలు,
మేకల ఎన్క ముసలామె, ప్లాస్టిక్ డబ్బా.
మా పెదవులు చూసి చెయ్యి చాపింది.
"మాయ్" అన్నది.
అరబ్బీల నీళ్లను గట్లనే అంటరని
ఇన్నేండ్లకు తెల్వదా?
తెలిసి గూడ ఆ ఎండల
తెలుగు చెవికి మాయ అనే వినవడ్డది.

బండ సందుల అరచెయ్యి వెడల్పు కాలువ.
మొఖం ముంచినం. తాగినం. మళ్లా ముంచినం.

భూమన్న లేచి,
చేతిల కట్టె లేకున్నా కట్టె పట్టినట్టే
నిటారుగ నిలబడ్డడు.
"కొట్టు మేకు."
ఆయన నిలబడ్డ చోట్లన్నీ
ఎవరో దూరంకెళ్లి ఒంటికంటితోని చూసి రాసుకున్నరు,
ఆడ రోడ్లు వడ్డయి, గోడలు లేచినయి.
ఈ చోటు ఆయన చెప్పిండు,
నేను రాసుకున్న.
ఫోటో ఒళ్లు విరుచుకున్నట్టు సాగి
నీలం చుక్క గాలిలకెళ్లి
బాట మీదికి దిగింది.

ఆ రాత్రి క్యాంపుల అడిగినోళ్లందరికి పంపిన.
"మంచిగ ఇంకోటి తియ్యరాదే" అన్నడు వంటమనిషి పోశెట్టి.
తీస్త అన్న. తియ్యలే.

పై శుక్రవారం నాకు డ్యూటీ.
ఆరుగురు పోయిండ్రు.
కొండ మీద రాసిన మెసేజు
వాళ్లు తారు రోడ్డుకు దిగినంక, సందేళ చేరింది:
"అన్నా, నీ మెడ కాడ ఎక్కుడు కష్టమున్నది.
భుజం మీద రాళ్లు జారుతున్నయి, పైలం.
నీ మోచెయ్యి కాడ నీళ్లు తాగినం.
సల్లగున్నయి."